తాతయ్య యెజ్డీని కూతురితో కలిసి బాగుచేయాలంటే: ముందు ఏం విప్పాలి, ఏం విప్పకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నారు. మీ నాన్నగారి 1984 యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ తెనాలి దగ్గర సొంతూళ్ళో పశువుల కొట్టంలో ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి దాని మీద మనసుపడింది. ఈ వేసవి సెలవుల్లో ఇద్దరూ కలిసి పూర్తిగా విప్పి కొత్త బండిలా చేయాలనుకుంటున్నారు. మీకు ప్లగ్ మార్చడం, చైన్ బిగించడం వరకు తెలుసు. ఇది అయ్యే పనేనా, ఎంత ఖర్చవుతుంది, కాగితాల సంగతేంటి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవుతుంది, తప్పకుండా మొదలుపెట్టండి. కానీ బండి మొత్తం ఒకేసారి విప్పకండి. ఒక భాగం విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించి, పనిచేస్తోందని చూసుకున్నాకే ఇంకోదాని జోలికి వెళ్ళండి. ఇంజిన్ కింది భాగం, బోరింగ్ (అరిగిన సిలిండర్‌ని లోపల కోసి కాస్త పెద్దది చేయడం), క్రోమ్ పూత మీ పనులు కావు. మిగతాది చాలావరకు మీ ఇద్దరూ చేసుకోగలరు. ఒక్క వేసవిలో మాత్రం పూర్తవదు. ఆ మాట పాపకు ఇప్పుడే చెప్పేయండి, లేకపోతే జూన్‌లో బడి తెరిచేసరికి ఇద్దరికీ నిరుత్సాహం వస్తుంది.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. పాత టూ స్ట్రోక్ బండ్లే నా పని. మా అమ్మాయి కూడా నా పక్కన కూర్చుని పానాలు పట్టుకోవడం నేర్చుకుంది. నా దగ్గరికి వచ్చే ‘నాన్నా కొడుకుల ప్రాజెక్టు’ బండ్లలో ఎక్కువ భాగం నడుచుకుంటూ రావు, గోనె సంచుల్లో వస్తాయి. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, కొడుకు ఇంటర్. ఇద్దరూ కలిసి ఒక యమహా ఆర్‌ఎక్స్ 100ని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు ఆదివారాల్లో ఆఖరి బోల్టు దాకా విప్పేశారు. విప్పడం సరదాగానే ఉంటుంది కదా. ఆ తర్వాత ఛాసిస్ పెయింట్‌కి వెళ్ళింది, పెయింటర్ ఆలస్యం చేశాడు, అబ్బాయికి పరీక్షలొచ్చాయి, అసోసియేషన్ వాళ్ళు స్థలం ఖాళీ చేయమన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏ వాషర్ ఎక్కడిదో ఎవరికీ గుర్తులేదు. బండి నేను బిగించి ఇచ్చాను, అది నడుస్తోంది. కానీ అబ్బాయి ఆ బిగింపు చూడటానికి రాలేదు. అందుకే భాగం భాగంగా చేయమంటున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకి ప్రతి రెండు మూడు వారాలకి ఒకటి పూర్తయినట్టు కనపడాలి. బ్రేక్ పట్టింది, హారన్ మోగింది, ప్లగ్‌లో స్పార్క్ వచ్చింది. అలా కనపడితేనే మళ్ళీ ఆదివారం లేస్తుంది.

ముందు కాగితాలు. పానా ముట్టుకోకముందే ఈ పని చూడండి. సీ బుక్ (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) దొరికిందా? దానిలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో సరిపోతున్నాయా? ఈ పని పాపకే అప్పజెప్పండి. ఒక పాత బ్రష్, కాస్త డీజిల్ ఇచ్చి నంబర్లు శుభ్రం చేసి చదవమనండి. ఇసుకకాగితం మాత్రం వద్దు. నంబరు అరిగిపోతే ఆర్టీవో ఆఫీసులో మీరు దొంగలా నిలబడాల్సి వస్తుంది. పెయింట్‌కి ఇచ్చేటప్పుడు కూడా ఆ చోటు టేపు వేసి ఇవ్వండి.

మీ బండి 1984ది కాబట్టి నంబరు పాత పద్ధతిలో, మూడు అక్షరాలతో ఉంటుంది. 1989లో పద్ధతి మారి ఏపీ 07, ఏపీ 16 లాంటివి వచ్చాయి. పాత రిజిస్టర్లలోని బండ్లు చాలావరకు ఆన్‌లైన్‌లో కనపడవు. కనపడకపోతే కంగారుపడకండి. అసలు సీ బుక్‌తో ఆఫీసుకి వెళ్ళి, పాత రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించమని అడగాలి. సొంత బండ్లకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, అయిదేసి సంవత్సరాలకి రెన్యువల్ చేయించుకోవాలి. అంటే రెన్యువల్‌కి బండి నడిచే స్థితిలో ఉండాలి. కాబట్టి రికార్డు పని ఇప్పుడు, రెన్యువల్ చివర్లో. పేరు మార్పు ఎలాగూ తప్పదు. మీ నాన్నగారు ఉన్నారు కాబట్టి ఫారం 29, 30 మీద ఆయన సంతకంతో అయిపోతుంది. యజమాని పోయాక అయితే ఫారం 31, వారసత్వ కాగితాలు, అన్నదమ్ముల అంగీకారాలు, చాలా తిరగాలి. మొహమాటపడకుండా ఇప్పుడే పెట్టించుకోండి.

ఇంకో సంగతి. ‘వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దాం’ అని రాశారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండ్లకి. వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, రోజూ తిరగడానికి వీల్లేదు. మీ బండికి అది వర్తించదు, అవసరమూ లేదు. మామూలు రెన్యువలే మీకు మేలు, పాత నంబరు కూడా ఉంటుంది.

రెండోది, ఇంజిన్ తిరుగుతుందా లేదా. కొట్టంలో ఉన్న బండిని చూడగానే కిక్ కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి నాలుగైదు చెంచాల డీజిల్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ వేసి, రంధ్రం గుడ్డతో మూసి వారం వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. పిస్టన్ రింగులు తుప్పుకి అంటుకుపోయి ఉంటే ఇలా ఊపితేనే వదులుతాయి. జామైన ఇంజిన్ మీద కిక్ తొక్కితే లోపల పళ్ళు పోతాయి, యెజ్డీలో ఆ రిపేరుకి ఇంజిన్ తెరవాలి. అన్నట్టు, కిక్కూ గేరూ ఒకే లివర్ అన్న సంగతి మీ పాపకి తాతయ్య చేత చూపించండి. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, మామూలుగా ఉంటే గేర్. గేర్ లివర్ కదలగానే క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. పిల్లలకి ఇలాంటివి చూపిస్తే ఆ పూట ఫోన్ గుర్తురాదు.

ఇంజిన్ తిరిగింది, కిక్‌కి స్టార్ట్ కూడా అయింది అనుకుందాం. అయినా రోడ్డెక్కించకండి. ఇది టూ స్ట్రోక్. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి (ఇంజిన్ అడుగున ఇరుసు తిరిగే గది) వచ్చి అక్కడి నుంచి పైకి వెళ్తుంది. ఏళ్ళ తరబడి నిలబడిన బండిలో క్రాంక్‌కి రెండు వైపులా ఉండే ఆయిల్ సీల్స్ (గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడిపోతాయి. ఒకవైపు సీల్ పోతే బయటి గాలి లోపలికి లాగేస్తుంది, మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటు ఆయిలూ తగ్గుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్‌ని ఇంజిన్ తాగేస్తుంది, సైలెన్సర్ల నుంచి ఆగకుండా తెల్లపొగ వస్తుంది. ‘స్టార్ట్ అయింది, ఇక చాలు’ అనుకుని గుంటూరు నుంచి మంగళగిరి దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆటో ట్రాలీ ఎక్కించి తెచ్చినవాళ్ళు నాకు తెలుసు. సీల్స్ మార్చాలంటే ఇంజిన్ తెరవాలి, దానికి పుల్లర్లు (బిగుసుకున్న భాగాల్ని లాగే పనిముట్లు) కావాలి. ఇది మెకానిక్ పని. యెజ్డీ తెలిసినవాడి చేతే చేయించండి.

బోరింగ్ కూడా అంతే. గుంటూరు ఆటోనగర్‌లో చేయించినా, విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చినా ఒకటి గుర్తుంచుకోండి: ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ అతని చేతిలో పెట్టి, దానికి తగ్గట్టు బోరు చేయమనాలి. ఓవర్‌సైజ్ పిస్టన్లు పావు మిల్లీమీటర్ చొప్పున పెరుగుతాయి: 0.25, 0.50, 0.75, 1.00. బోరు చేశాక ఆ సైజు పిస్టన్ దొరకకపోతే సిలిండర్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి. పాపని వెంట తీసుకెళ్ళండి. బోరు గేజ్‌తో కొలుస్తుంటే సూది ఎలా కదులుతుందో దగ్గర నిలబడి చూడనివ్వండి. అక్కడి మేస్త్రీలు పిల్లలు అడిగితే ఓపిగ్గా చెప్తారు, మనం అడిగితే విసుక్కుంటారు!

ఇక పాపకి ఇవ్వాల్సిన పనులు. అన్నిటికన్నా ముందు నేను పాయింట్ల సెట్ ఇస్తాను, అంటే ప్లగ్‌లో స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే చిన్న స్విచ్. కుడివైపు మూత తీస్తే కనపడుతుంది. విప్పాల్సింది తక్కువ, తెలుసుకునేది ఎక్కువ. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లోని మొదటి చుట్టలో కరెంటు పారుతూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. క్యామ్ వచ్చి పాయింట్లని విడదీయగానే ఆ కరెంటు ఠక్కున ఆగి క్షేత్రం కూలిపోతుంది, దాంతో రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర దూకుతాయి. పాయింట్ల మధ్య నిప్పురవ్వ లేచి అవి కాలిపోకుండా కండెన్సర్ కాపాడుతుంది. ఇది పై తరగతుల్లో ఆమె ఫిజిక్స్ పుస్తకంలో విద్యుదయస్కాంత ప్రేరణ పేరుతో ఎలాగూ వస్తుంది. ఇక్కడ వేలితో ముట్టుకుని నేర్చుకుంటుంది.

పని ఇలా చేయించండి. సన్న ఆకురాయితో పాయింట్ల మీది నలుపు తీసి, శుభ్రమైన కాగితం మధ్యలో లాగి జిడ్డు పోగొట్టాలి. ఇంజిన్‌ని మెల్లగా తిప్పి పాయింట్లు ఎక్కువగా విడిపోయిన చోట ఆపి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకు) 0.4 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టాలి. గేజ్ కాస్త పట్టుకుంటూ జారాలి. మొదటిసారి స్క్రూ బిగిస్తుంటే గ్యాప్ మారిపోతుంది, మళ్ళీ మొదలుపెట్టాలి, మళ్ళీ మారుతుంది. మీ చేయి దురద పెడుతుంది. వెనక్కి కట్టుకుని కూర్చోండి. పాయింట్ల దగ్గర ఒక చిన్న బల్బు కలిపి చూస్తే అవి సరిగ్గా ఎప్పుడు విడిపోతున్నాయో వెలుగే చెప్తుంది, టైమింగ్ (స్పార్క్ ఏ క్షణాన రావాలన్నది) దాంతోనే పెట్టుకోవచ్చు. బ్యాటరీ కొనేముందు బండి 6 వోల్టులా 12 వోల్టులా అన్నది పాత బల్బు, కాయిల్ మీద చదివి నిర్ధారించుకోండి, దుకాణం అతని మాట మీద కొనకండి. చివరికి ప్లగ్‌ని సిలిండర్ హెడ్‌కి ఆనించి ఇంజిన్‌ని తిప్పినప్పుడు నీలం స్పార్క్ కనపడితే, ఆ రోజుకి ఇంకేం పని పెట్టుకోవద్దు. ప్లగ్ రంధ్రం దగ్గర పెట్రోలు ఆవిరి లేకుండా మాత్రం చూసుకోండి.

తర్వాత కార్బొరేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపే పార్టు. విప్పేటప్పుడు ప్రతి అడుగుకీ ఫోన్‌లో ఫొటో, ఒక తెల్ల పళ్ళెంలో వరసగా పార్టులు. జెట్లని (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల పార్టుల్ని) ఇనుప తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైపోతుంది. గాలి కొట్టాలి. సూది మీద క్లిప్ ఏ గాడిలో ఉందో పాప తన నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ నోట్‌బుక్ పూర్తిగా ఆమె చేతిలోనే ఉండాలి. ఏం విప్పాం, ఎటువైపు తిరిగి ఉంది, ఏ సైజు పానా పట్టింది, ఏం కొన్నాం, ఎంత అయింది. మీరు అందులో ఒక్క అక్షరం కూడా దిద్దకండి.

పెట్రోలు, ఆయిల్ లెక్క కూడా ఆమెదే. మీ రోడ్‌కింగ్‌కి ఆయిల్ పంపు లేదు, పెట్రోలులోనే కలపాలి. పాత లెక్క 25 భాగాలకి ఒకటి, అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. కొత్త పిస్టన్ వేసిన మొదట్లో 20కి ఒకటి, అంటే 50. మూడున్నర లీటర్లు పోయిస్తే ఎంత కలపాలో బంకు దగ్గర ఆమే చెప్పాలి. ఇప్పుడు మనకి దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపుల్నీ ట్యాప్‌లోని వాషర్లనీ అది మెత్తబరుస్తుంది, గాలిలో తేమనీ లాక్కుంటుంది. మన కృష్ణా తీరంలో తేమకేం తక్కువ? పైపులు, వాషర్లు అన్నీ కొత్తవి వేయండి. నెలల తరబడి నడపకపోతే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేసి ఉంచండి.

జాగ్రత్తల్లో రాజీ వద్దు. పాత బ్రేక్ షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉంటుందనే అనుకుని పనిచేయాలి. గాలి కొట్టి ఊదకూడదు. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. పాత పెయింట్‌ని పొడిగా రుద్దించవద్దు, నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తోనే, అదీ మాస్క్ పెట్టుకుని. పార్టులు కడగడానికి పెట్రోలు వాడకండి, డీజిల్ చాలు. అయితే బ్రేకులకి డీజిల్ తగలకూడదు. జడ ముడి వేసుకోవాలి, చున్నీ పక్కన పెట్టాలి. చక్రం తిరుగుతుండగా చైన్‌ని గుడ్డతో తుడవడం అనే అలవాటుకి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, అది మీరు కూడా చేయకండి. ట్యాంకుకి చిల్లు ఉంటే ‘ఖాళీదేగా’ అని మామూలు వెల్డింగ్ దుకాణంలో పెట్టించకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలేది. ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

మరొకటి, బండి తయారయ్యాక ‘వీధి చివరిదాకా ఒక్కసారి’ అని పాప అడుగుతుంది. గేర్ల బండి లైసెన్సుకి 18 ఏళ్ళు నిండాలి. 2019 సవరణ తర్వాత మైనర్‌కి బండి ఇస్తే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. ఇది మొదటి రోజే మాట్లాడుకోండి, చివరి రోజు చెప్తే మోసం చేసినట్టు ఉంటుంది. మా అమ్మాయితో నేను చేసుకున్న ఒప్పందం ఏంటంటే, స్టార్ట్ చేసే హక్కు ఆమెది, నడిపే హక్కు నాది.

ఖర్చు విషయానికి వస్తే, ఇంజిన్ మిమ్మల్ని భయపెట్టినంతగా ఖర్చు పెట్టించదు. డబ్బు తినేది క్రోమూ పెయింటూ. హ్యాండిల్, రిమ్ములు, రెండు సైలెన్సర్లు, ట్యాంకు పక్కలు అన్నీ మెరవాలంటే లక్ష దాటినా ఆశ్చర్యపోవద్దు. నా అభిప్రాయం అడిగితే ఈ సంవత్సరం పెయింట్, క్రోమ్ జోలికి వెళ్ళకండి. తాతయ్య వాడిన గీతలు అలాగే ఉండనివ్వండి. ఇంజిన్, బ్రేకులు, టైర్లు, వైరింగ్, కేబుళ్ళు, వీటికే ఖర్చు పెట్టండి. తర్వాత రంగు వేస్తే సీ బుక్‌లో ఉన్న రంగే వేయండి, మారిస్తే ఆర్టీవోలో నమోదు చేయించాలి.

పార్టుల గురించి. మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1996లోనే మూతపడింది. 2022లో వచ్చిన కొత్త యెజ్డీ ఫోర్ స్ట్రోక్, దాని పార్టులు దీనికి పనికిరావు, షోరూమ్‌కి వెళ్ళి టైం వృథా చేసుకోకండి. బయట తయారైనవి దొరుకుతాయి, నాణ్యతలో తేడా ఉంటుంది. రబ్బరు, కేబుళ్ళు కొత్తవి పర్వాలేదు. గేర్లు, కిక్ షాఫ్ట్ లాంటివి అయితే అరగని పాత అసలువి దొరికితే అవే మేలు. జూలై రెండో ఆదివారం జావా డే అని పాత జావా, యెజ్డీ వాళ్ళు చాలా ఊళ్ళలో కలుస్తారు. మీ బండి తయారు కాకపోయినా పాపని తీసుకెళ్ళండి. ఏ పార్టు ఎవరి దగ్గరుందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

పార్టుల కోసం ఇంకో పాత బండి కొనే ఆలోచన ఉంటే జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న బండ్లెన్నో. వాటిలో కొన్ని కడిగి అమ్మకానికి వచ్చాయి. హెడ్‌లైట్ విప్పి లోపల ఒండ్రు పొర ఉందేమో చూడండి, గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే. కాగితాలు లేని ఇంజిన్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మీ బండికి వేరే ఇంజిన్ ఎక్కిస్తే సీ బుక్‌లో నంబరు మార్పించుకోవాలి, దానికి ఆ ఇంజిన్ ఎక్కడిదో చూపించాలి.

ఇది చదివేవాళ్ళలో పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట: మీ బోల్టుల్లో చాలావరకు ఇంగ్లిష్ అంగుళాల కొలతవి. మామూలు మిల్లీమీటర్ పానాలు పెడితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి. యెజ్డీకి ఆ బాధ లేదు.

పాపకి మధ్యలో విసుగొస్తే ఏం చేయాలి అని కూడా అడిగారు. వస్తుంది. పదో తరగతిలో అయితే నెలల పాటు రాకపోవచ్చు. మీరొక్కరే కూర్చుని పూర్తి చేసేయకండి, అలాగని రోజూ గుర్తుచేయకండి. బండి ఎప్పుడూ తోసుకెళ్ళగలిగే స్థితిలో, చక్రాల మీద ఉంటే ఎన్నాళ్ళు ఆగినా నష్టం లేదు. మొత్తం ఒకేసారి విప్పొద్దని మొదట చెప్పింది ఇందుకు కూడా.

గుంటూరు ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపే పని పెట్టుకోండి. ఈ ఆదివారం ఊరెళ్ళినప్పుడు బండిని కొట్టంలోంచి బయటికి తెచ్చి కడగండి, ప్లగ్ విప్పి డీజిల్ వేయండి, నంబర్లు రాసుకోండి. ఆ రోజుకి అంతే. వారం తర్వాత చక్రం ఊపితే ఇంజిన్ కదిలిందా లేదా, ప్లగ్ కొన ఏ రంగులో ఉంది, సీ బుక్ దొరికిందా, ఈ మూడూ చెప్పండి. ఇంజిన్ తెరవాలా వద్దా అన్నది అప్పుడు చూద్దాం.